అంచున నిలబెట్టేవాడు

మా కుటుంబానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున పూట అందులో దేవుళ్ల బొమ్మలు, సాయంత్రం పూట షుగరుకు కాకరకాయ చిట్కాలు వస్తుంటాయి. మనిషి ఎవరైనా పోతే చేతులు జోడించిన బొమ్మలు వరసపెట్టి వచ్చి పడతాయి. కిందటి వారం అట్లా పడుతుంటే ఎవరు పోయారో అర్థం కాక వేలితో పైకి పైకి జరుపుకుంటూ వెళ్లి చూశాను. చిలకలగూడ ఫోటో కాక చనిపోయాడట.

కాసేపు అందరూ బాగానే బాధపడ్డారు. తర్వాత మా మేనత్త కొడుకు ఒక పాత పెళ్లి గ్రూప్ ఫోటో వెతికి పెట్టి, కాక తీసిందే, ఎంత కళగా ఉందో చూడండి అన్నాడు. ఆ ఫోటోలో కుడివైపు చిట్టచివర మా చిన్నాన్న పెద్దల్లుడు నిలబడి ఉన్నాడు. ఆయన వెంటనే, ఆ రోజు నన్ను ఎవరు చెబితే చివరికి నెట్టారో నాకు తెలియదనుకోకండి అని రాశాడు. దానికి మా పిన్ని జవాబు రాసింది. ఆ జవాబుకు ఆయన చెల్లెలు జవాబు రాసింది. పొద్దుగూకే సరికి ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు, ఒకరిని తీసేశారు. పోయిన మనిషి గురించి ఎవరికీ గుర్తు లేదు. పోయి కూడా మా వాళ్ల మధ్య ఇంత పని పెట్టగలిగిన ఫోటోగ్రాఫర్ సికింద్రాబాదులో ఇంకొకడు ఉంటాడని నేననుకోను.

ఆయనకు స్టూడియో లేదు, బోర్డు లేదు. చిలకలగూడలో ఒక మేడ మీద రెండు గదుల్లో కాపురం, అందులో ముందు గదే ఆఫీసు. పెళ్లి కుదిరితే జనం ముందు పంతులును, తర్వాత వంటవాళ్లను, ఆ తర్వాత కాకను మాట్లాడుకునేవారు. జేబులు ఎక్కువున్న సఫారీ చొక్కా, మెడలో కెమెరా, బుగ్గలో ఎప్పుడూ ఒక యాలక్కాయ. అసలు పేరు ఆయన భార్యకు తప్ప ఎవరికైనా తెలుసో లేదో. కాక అంటే బాబాయి, కానీ ఆయన మా నాన్న వయసు వాళ్లకూ కాకే, మా పిల్లలకూ కాకే.

గొప్ప ఫోటోగ్రాఫరా అంటే కాదు. కాక తీసిన ఫోటోల్లో అందరూ పాస్‌పోర్టు కోసం నిలబడ్డట్టు ఉంటారు. పెళ్లికూతురు సిగ్గుపడితే ఆపి, సిగ్గు అయిపోయాక చెప్పు బిడ్డా, అప్పుడు తీస్త అనేవాడు. ఈ మధ్య పిల్లలు కెమెరా వైపు చూడకుండా, ఎటో చూసి నవ్వుతున్నట్టు తియ్యమని అడిగితే, కెమెరా దిక్కు చూడనోళ్లు నన్నెందుకు పిలిచిన్రని అలిగి కూర్చునేవాడు. డ్రోన్ ఎగరేసేవాళ్లను గాలిపటాలోళ్లు అనేవాడు. ఆయన మతమేమిటో కూడా మాకు తేలలేదు. ఒకసారి మా అమ్మ అడిగింది. మూఢంల చర్చి పెళ్లిళ్లు, శ్రమదినాలల్ల చర్చి పెళ్లిళ్లు బందైతే మన పెళ్లిళ్లు, దేవుడు ఇద్దరికి ఒక్కసారే సెలవియ్యలే అమ్మా, అందుకే బతుకుతున్న అన్నాడు. అమ్మ మళ్లీ అడగలేదు.

అయినా జనం కాకనే పిలిచేవారు. కారణం గ్రూప్ ఫోటో.

పెళ్లి హాల్లోకి రాగానే కాక కెమెరా బయటికి తీసేవాడు కాదు. కాఫీ పోసే బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరు ఎవరిని చూసి లేచారు, ఎవరు లేవలేదు, వియ్యంకుల్లో ఎవరు ఎవరికి గ్లాసు అందించారు, ఎవరు తమ గ్లాసు తాము తీసుకున్నారు, అన్నీ చూసేవాడు. ఆ తర్వాత స్టేజీ ఎక్కి, చూపుడు వేలితో మోచేతి మీద ఒక్క పోటు పొడిచి ఒక్కొక్కళ్లనే జరిపేవాడు. నడుమ ఉండాల్సినవాళ్లు నడుమకు చేరేవారు. అనుమానం ఉన్నవాళ్లు అంచుకు పోయేవారు. ఎందుకు పోతున్నారో వాళ్లకు తెలిసేది కాదు, ఎందుకంటే మాట్లాడకుండా జరిపే మనిషికి ఎవరూ ఎదురు చెప్పరు.

నా పెళ్లిలో మా ఆయన బావగారిని అట్లాగే అంచుకు పంపాడు. ఆయన మా అత్తవారింట పెద్ద అల్లుడు, అందరికంటే ఖరీదైన సూటు వేసుకొచ్చిన మనిషి. తర్వాత నేను కాకను పక్కకు పిలిచి ఎందుకట్లా చేశావని అడిగాను.

"మీ మామకు వీపు పెట్టి కాఫీ తాగిండు బిడ్డా. ఆ వీపు మంచిది కాదు. రేపు పంచాయితీ అయితే మీ ఇంట్ల ఫోటో ఖరాబు కావద్దు గదా. చివర్ల ఉంటే కత్తెరతోని అల్కగ పోతడు."

ఏడాది తిరగకముందే ఆ పంచాయితీ అయింది. మా అత్తగారు నా పెళ్లి ఫోటోను ఫ్రేములోంచి తీసి కుడివైపు ఒక్క కోత కోసి మళ్లీ పెట్టింది. చూసినవాళ్లకు ఏమీ తెలియదు. బావగారి బూటు కొన మాత్రం మా ఆడపడుచు చీర కుచ్చిళ్ల పక్కన ఇప్పటికీ ఉంది.

ఈ అంచు సంగతి కాకకు మా ఇంట్లోనే తట్టిందని మా అమ్మ అంటుంది. మా పెదనాన్న, నాన్న కలిసి బజార్లో స్టీలు సామాన్ల దుకాణం నడిపే రోజుల్లో, మా మేనత్త పెళ్లికి అన్నదమ్ములిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి కాక ఫోటో తీశాడు. పెదనాన్న తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత దుకాణం మధ్య గోడ లేచింది. నాన్నకు కోపం వస్తే మాటలు రావు, కత్తెర వస్తుంది. అన్నను నిలువునా కోసేశాడు గానీ భుజం మీది చేతిని కొయ్యాలంటే తన భుజమే పోతుంది. ఎవరిదో తెలియని నాలుగు వేళ్లతో నాన్న మా ముందు గదిలో చాలా ఏళ్లు వేలాడాడు. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ చెయ్యి ఎవరిదని అడిగితే అమ్మ దేవుడిదని చెప్పేది. కాక ఆ ఫోటో చూసి చాలా అవమానపడ్డాడట. అప్పట్నుంచి గ్రూప్ ఫోటోలో చేతులు ఎవరివి వాళ్ల దగ్గరే ఉంచుకోవాలని రూలు పెట్టాడు.

నిశ్చితార్థాలకు ఇంకో రూలు. అమ్మాయి తరఫు వాళ్లు ఒకవైపు, అబ్బాయి తరఫు వాళ్లు ఒకవైపు, నడుమ జానెడు సందు. ఎవరైనా ప్రేమ కొద్దీ ఆ సందులో దూరితే వెనక్కి పంపేవాడు. పెళ్లయ్యేదాంక ఆ సందు ఉండాలె, తప్పిపోతే ఎవల ముక్క వాళ్లకు మంచిగొస్తది అనేవాడు. కుదరబోయే సంబంధం గురించి ఇంత నిక్కచ్చిగా మాట్లాడే మనిషిని శుభకార్యానికి ఎవరు పిలుస్తారని మీరు అడగొచ్చు. అందరూ పిలిచారు. మా వాళ్లకు పెళ్లి మీద ఉన్న నమ్మకం అంత.

పెద్దమనుషులను కూడా వదిలేవాడు కాదు. కార్పొరేటరు స్టేజీ ఎక్కితే ఇంటివాళ్లంతా గౌరవంగా పక్కకు జరిగి నడుమ చోటు ఇచ్చేవారు. కాక ఆయన మోచేతి మీద వేలు పెట్టి నెమ్మదిగా చివరికి నడిపించేవాడు. ఆయన పార్టీ మారితే మీరు ఇంట్ల ఎట్ల పెట్టుకుంటరు అని తర్వాత మా చెవిలో అనేవాడు. ఆ కార్పొరేటరు పార్టీ మారాడు కూడా. మారి, మళ్లీ వచ్చాడు. అప్పటికే మా మేనమామ ఆయన్ని కోసేసి ఉన్నాడు కాబట్టి, కోసిన ముక్క కోసం బీరువా అంతా వెతికి వెనక నుంచి టేపు వేసి అతికించాడు.

ఇట్లాంటివి దాగవు. కొన్నేళ్లకు కాక కిటుకు ఊరంతా తెలిసిపోయింది. చిలకలగూడ నుంచి బొల్లారం దాకా ఏ పెళ్లిలో చూసినా గ్రూప్ ఫోటో అనగానే జనం నడుమకు తోసుకునేవారు. అంచున ఉన్నవాళ్లకు ముఖాలు మాడిపోయేవి. కొత్త అల్లుళ్లు అత్తగారి కొంగు పట్టుకున్నంత దగ్గరగా నిలబడేవారు. ఒక పెళ్లిలో అయితే చివర నిలబడటానికి ఎవరూ ఒప్పుకోక భోజనాలు ఆగిపోయాయి. అప్పుడు కాక వంట మేస్త్రీని పిలిచి ఒక కొసన, పంతులును పిలిచి ఇంకో కొసన నిలబెట్టాడు. వీళ్లను ఎవరూ కొయ్యరు, ఎవరూ దాచుకోరు అన్నాడు. పంతులుకు కోపం వచ్చింది గానీ వంట మేస్త్రీ గడ్డం దువ్వుకుని నిలబడ్డాడు.

కంప్యూటర్లు వచ్చాక ఇదంతా పోతుందనుకున్నాం. ఇప్పుడు ఎవరు నడుమ ఉన్నా తీసేయొచ్చు, అంచులో నిలబెట్టే తక్లీఫ్ ఎందుకని మా మేనత్త కొడుకు ఒకసారి కాకను ఆటపట్టించాడు. కాకకు నిజంగానే కోపం వచ్చింది.

"మనిషిని తీసేస్తే వెనకాల గోడ పెట్టాలె గదా బాబూ. లేని గోడ నేనెందుకు కట్టాలె? కత్తెరతోని కోస్తే కోసినట్టు ఎరుకైతది. ఇగో, ఇక్కడ ఒకడుండే, మాకు పడలే, కోసినం. గది ఇమానం."

కోయడంలో నిజాయితీ గురించి ఇంత ఆలోచించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అప్పుడు నవ్వుకున్నాను. మా చెల్లి పెళ్లికి మాత్రం నవ్వు రాలేదు.

చెల్లి తన ఆఫీసులో పనిచేసే అబ్బాయిని చేసుకుంటానంది. వాళ్లది గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి బొల్లారంలో స్థిరపడ్డ కుటుంబం. తల్లీ తండ్రీ ఇద్దరూ బడి పంతుళ్లు, ఆదివారం వస్తే చర్చిలో మొదటి వరస బెంచీ. నాన్న వద్దన్నాడు. నాన్న పెద్ద భక్తుడేమీ కాదు. దుకాణం షట్టరు లేపగానే గల్లాపెట్టె మీది దేవుడికి రెండు అగరొత్తులు ముట్టిస్తే ఆ రోజు భక్తి అయిపోయేది. ఆయనకు దేవుడి భయం లేదు, బజారు భయం ఉంది. బజార్ల మొకమెట్ల చూపెట్టాలె అని ఒక్కసారే అన్నాడు. ఆ తర్వాత చెల్లితో మాట్లాడటం మానేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుక్కరు అన్నం తింటూ, దానికి ఉప్పు కావాలంటే అమ్మకు చెప్పి అందించేవాడు. రోజూ నాన్న దుకాణానికి వెళ్లేముందు చెల్లి ఆయన చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టేది. నాన్న అవి తొడుక్కునేవాడు, తల ఎత్తేవాడు కాదు.

పెళ్లి పొద్దున బొల్లారం చర్చిలో, మధ్యాహ్నం విందు కార్ఖానాలో ఒక ఫంక్షన్ హాల్లో అని తేల్చారు. నాన్న చర్చికి రానన్నాడు, రాలేదు. విందుకూ రానన్నాడు. కానీ మా అమ్మ ఆయనకు చెప్పకుండా బజారు మొత్తానికి కార్డులు పంచేసింది. గిన్నెల వాళ్లు, పూసల వాళ్లు, పక్క దుకాణం బట్టల సేటు, అందరూ నాన్నకే ఫోను చేసి తప్పకుండా వస్తున్నామన్నారు. ఏ బజారుకు భయపడి కూతురి మీద అలిగాడో ఆ బజారుకే భయపడి విందుకు వచ్చాడు. వచ్చి చిట్టచివరి వరసలో, కూలరు పక్కన, స్టేజీకి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఫోటోలు కాకవే. పొద్దున చర్చిలోనూ తీశాడు. స్టేజీ మీద కానుకలు ఇచ్చేవాళ్ల వరస తగ్గాక, ఇక ఫ్యామిలీ ఫోటో అని ఎవరో అన్నారు. చెల్లి కుర్చీలోంచి లేచి నిలబడింది. నాన్న లేకుండా ఫ్యామిలీ ఫోటో తీయొద్దని చెప్పింది. గొంతు పెద్దది చేయలేదు. నాన్న వచ్చేదాకా ఇట్లాగే నిలబడతాను అక్కా, మాట్లాడకపోయినా సరే, ఒక్క ఫోటోలో ఉండమను, చాలు అంది నాతో. పెళ్లికొడుకు కూడా ఏం చెయ్యాలో తెలియక లేచి నిలబడ్డాడు. దాని కళ్లల్లో నీళ్లు చూసి నాకు నాన్న మీద ఒళ్లు మండిపోయింది.

నేను వెళ్లి అడిగాను, రాలేదు. అమ్మ వెళ్లింది, మీ పని మీరు చూసుకోమన్నాడు. కాక కాఫీ బల్ల దగ్గర కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. కాసేపటికి కెమెరాకు మూత పెట్టి, లేచి, నాన్న దగ్గరికి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. కాక బతిమాలలేదు. బట్టల సేటు అడుగుతున్నడు, మా పక్క దుకాణం సేటు స్టేజీ మీదికి ఎందుకు పోలేదని, నన్నేం చెప్పమంటరు అన్నాడు. నాన్న ముఖం ఎర్రబడింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"వస్త. కానీ నన్ను చివర్ల నిలబెట్టు. రేపు ఎప్పుడన్న కోసెయ్యాలంటే కత్తెర పడే జాగల ఉండాలె."

కాక ఒక్క క్షణం నాన్న వైపు చూశాడు. చివర్ల అంటే చివర్నే సేటు, నేనెన్నడు మాట తప్పిన అన్నాడు.

నాన్న స్టేజీ ఎక్కాడు. ఎవరి ముఖమూ చూడకుండా ఎడమ చివర, అమ్మకు అవతల, మూరెడు దూరంలో నిలబడ్డాడు. చెల్లి కూర్చుంది. నాన్న ఎందుకు చివర నిలబడ్డాడో దానికి అర్థమయ్యే ఉంటుంది, అయినా దాని ముఖం తేటపడింది. ఎన్నో పెళ్లిళ్లలో ఎంతోమంది అంచును తప్పించుకోవడానికి నానా తంటాలు పడటం చూశాను. అంచు నాకే కావాలని అడిగి తీసుకున్న మనిషిని అదే మొదటిసారి చూడటం.

కాక కెమెరాలోంచి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. బ్యాలెన్సు వస్తలేదన్నాడు. పెళ్లికొడుకు వాళ్ల అమ్మగారిని పిలిచి నాన్నకు అవతలి పక్కన నిలబడమన్నాడు. ఆవిడ తెల్ల జరీ చీర సర్దుకుంటూ వచ్చి, నమస్కారం అన్నయ్యగారూ అంది. నాన్న తల ఊపి, మళ్లీ చివరికి పోవడానికి ఒక అడుగు ఎత్తాడు.

"సేటు, కదలద్దు. ఫోకస్ మీ మీదనే పెట్టిన. మీరు కదిల్తే అందరు ఖరాబైతరు."

నాన్న ఎత్తిన అడుగు అక్కడే పెట్టేశాడు. స్టీలు గిన్నెల గురించి ఆయనకు తెలియనిది లేదు గానీ ఫోకస్ గురించి ఏమీ తెలియదు. తన మీద ఏదో పెట్టారన్నాక దాన్ని ఒలకబోయకుండా నిలబడాలనుకున్నాడు. కాక ఆ తర్వాత పెళ్లికొడుకు నాన్నగారిని పిలిచాడు. ఆయన తర్వాత చర్చి పాస్టరుగారిని, వాళ్ల మేనత్తలను, చెల్లి ఆఫీసు పిల్లలను పిలిచాడు. నాన్న ఒకసారి పెదవులు కదపకుండా, ఏందయ్యా ఇదంతా అన్నాడు. కోసేటప్పుడు చూస్కుందాం సేటు అన్నాడు కాక. అది చూసి బజారు వాళ్లకు ఉత్సాహం వచ్చింది. సేటు స్టేజీ మీద ఉన్నాడు కదా, మనం కింద ఎందుకని బట్టల సేటు తన వాళ్లందరితో ఎక్కి వచ్చి ఎడమవైపే వరసకట్టాడు.

అప్పటికి నాన్న చివర లేడు. అయినా పెళ్లి జంట కుర్చీలు ఇంకా కుడివైపున ఉన్నాయి. కాక మళ్లీ కెమెరా దించాడు. కుర్చీల వెనక తెర మీద పూలు రాలిపోయినై, బాగ కనిపిస్తలేదు, కుర్చీలు జెర ఇటు జరపండ్రి అన్నాడు. నేను తెర వైపు చూశాను. పూలు ఒక్కటి కూడా రాలలేదు. ఇద్దరు మనుషులు ఆ సింహాసనాల్లాంటి కుర్చీలను ఈడ్చుకొచ్చి నాన్న ముందు వేశారు. చెల్లి వచ్చి కూర్చుంది. దాని జడలోని మల్లెపూలు నాన్న చొక్కా గుండీలకు తగిలేంత దగ్గర. నాన్న ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఫోకస్ కోసమో, ఇంకెందుకోసమో నాకు తెలియదు.

కాక ఫోటో తీసి, అయిపోయింది, భోజనాలకు పోండ్రి అన్నాడు.

నాన్న స్టేజీ దిగి, బజారు వాళ్లతో కూర్చుని తిన్నాడు. చెల్లితో మాట్లాడలేదు. చెల్లి బొల్లారం వెళ్లిపోయింది. తర్వాత అది ఫోను చేసినప్పుడల్లా అమ్మ మాట్లాడేది, నాన్న టీవీ సౌండు పెంచేవాడు. ఇంటికి రమ్మని ఎవరూ అనలేదు, అది అడగలేదు. దసరాకు చీర కొని నా చేత పంపించింది అమ్మ, నాన్న చూడకుండా.

ఆ ఫోటో పెద్దదిగా వేయించి, ఫ్రేము కట్టించి కాక మా ఇంటికి పంపాడు. అమ్మ మేకు కొట్టి ముందు గదిలో తగిలించింది. నాన్న రెండు రోజులు దాని వైపు చూడలేదు. మూడో రోజు నేను పుట్టింటికి వెళ్లేసరికి కుర్చీ ఎక్కి, ఫోటో దించి, పాత దుప్పట్లో చుట్టి, నన్ను స్కూటీ తియ్యమన్నాడు. కొయ్యాలంటే ఇంట్లోనే కొయ్యొచ్చు కదా అన్నాను. వాడు మాట తప్పిండు, వాని చేతనే కోపిస్త అన్నాడు. దారి పొడుగునా నా వెనక ఆ ఫ్రేము పట్టుకుని కూర్చున్నాడు. మొత్తం ఇరవై ముప్పై మంది మా ఇద్దరి మధ్య ఇరుక్కుని వస్తున్నట్టు ఉంది నాకు.

చిలకలగూడ మేడ మీద కాక భార్య తలుపు తీసింది. కాక బనీను మీద చొక్కా తొడుక్కుని వచ్చాడు. నాన్న దుప్పటి విప్పి ఫోటోను బల్ల మీద పెట్టి, కొయ్యమన్నాడు. కాక ఫ్రేము వెనక మేకులు ఊడదీసి, ఫోటో బయటికి తీసి పరిచాడు. సొరుగులోంచి పెద్ద కత్తెర తెచ్చి నాన్న చేతికే ఇచ్చాడు. ఎక్కడ కొయ్యాలో మీరే చూపెట్టండ్రి సేటు అన్నాడు.

నాన్న కత్తెర పట్టుకుని ఫోటో మీదికి వంగాడు. ఎడమ చివర బట్టల సేటు. ఆయన్ని కొయ్యడానికి లేదు, రేపు దుకాణంలో ముఖం చూడాలి. ఆయన తర్వాత ఆఫీసు పిల్లలు, పాస్టరుగారు, వియ్యంకుడు, తెల్ల జరీ చీరలో వియ్యపురాలు. ఆ పక్కన తను. తన ముందు చెల్లి. కత్తెర ఎటు నుంచి తెచ్చినా కూతురి తల మీదుగానే రావాలి. నాన్న కత్తెరను ఒకసారి ఇటు, ఒకసారి అటు పెట్టి చూశాడు. కోసేస్తాడేమోనని నాకు నిజంగా భయం వేసింది. కోసేస్తే చెల్లి ఇక ఎప్పటికీ మా గడప తొక్కదు.

"నేను చివర్లనే నిలబడ్డ గదయ్యా. నడుమకెట్ల వచ్చిన?" అన్నాడు చివరికి.

కాక బుగ్గలో యాలక్కాయను ఒకవైపు నుంచి ఇంకోవైపుకు మార్చుకున్నాడు.

"మీరు నిలబడ్డ జాగల్నే ఉన్నరు సేటు. జెర సుత కదల్లే. మనుషులే వచ్చి మీ పక్కకు నిలబడ్డరు."

నాన్న చాలాసేపు ఫోటోనే చూశాడు. కాక భార్య చాయ్ తెచ్చి పెట్టింది, అది చల్లారిపోయింది. తర్వాత నాన్న కత్తెర బల్ల మీద పెట్టి, జరీ చీర ఆవిడ ముఖం మీద వేలు ఉంచాడు. ఆ రోజు ఆవిడ నమస్కారం పెడితే తను తిరిగి పెట్టలేదని నాతో అన్నాడు. నేను అవునన్నాను. ఆమె పేరేంది అని కాకను అడిగాడు. ఫోటోలు తీసేటోన్ని, మీ వియ్యపురాలి పేరు నాకేమెరుక, బిడ్డనడుగుండ్రి అన్నాడు కాక. అని, మేకులు ఏరుకుంటూ అటు తిరిగాడు.

నాన్న నా వైపు చెయ్యి చాచాడు. నేను నా ఫోను మీద చెల్లి నంబరు నొక్కి ఇచ్చాను. అది నేనే అనుకుని, చెప్పు అక్కా అంది. ఆ మాట నాకూ వినబడింది.

"నేనమ్మా," అన్నాడు నాన్న.

అవతల చెల్లి ఏడవడం మొదలుపెట్టింది. నాన్న గొంతు సవరించుకున్నాడు. మీ అత్తమ్మ పేరేందమ్మా అని అడిగాడు. చెల్లి ఏడుస్తూనే చెప్పింది. నాన్న ఫోనును చెవికి గట్టిగా నొక్కుకుని, వినపడలే బిడ్డా, మళ్లొక్కసారి చెప్పు అన్నాడు.